కాలనీ ఒత్తిగిలిన పగలు

మొదటి పగలు

కంపెనీ పెట్టిన నిద్రా మండలి వారు నన్ను సంజాయిషీ రాయమన్నారు. ఏ పగలు సంగతి ఆ పగలే రాయాలట, నెలాఖరున అన్నీ కలిపి ఇవ్వాలట, నిజమే రాయాలట. ఇన్నేళ్లుగా కుళాయి పక్క గోడ మీద బొగ్గుతో నేను నిజం రాస్తుంటే సున్నం కొట్టించి చెరిపినవాళ్లు, ఇవాళ కాగితాలిచ్చి మరీ అడుగుతున్నారు. వదులుకునేంత వెర్రివాణ్ని కాను.

పేరు గవరయ్య. కొత్తరేవు కాలనీ బడిలో పంతుల్ని. నా భార్య నూకరత్నం రేవు కంపెనీలో క్రేను నడుపుతుంది. రాత్రి షిఫ్టు అని వేరే చెప్పనక్కర్లేదు. ఎండ మనుషుల్ని చంపడం మొదలుపెట్టాక అన్నీ రాత్రి షిఫ్టులే, బడులన్నీ రాత్రి బడులే. పొద్దెక్కేసరికి అందరం దోమతెరల్లోకి దూరతాం. దోమల కోసం కాదు, అవి ఎప్పుడో మాడిపోయాయి. మంచం తలవైపు చల్లనీళ్ల గొట్టం ఉంటుంది, దాని మీంచి తెర దిగుతుంది. తెర లోపల బతకొచ్చు. తెర బయట, గచ్చు మీద అట్టు కాల్చుకోవచ్చు. కార్మికుడికి పగలు కావలసింది మంచమే కదా, గదంతా చల్లబరచడం దండగ కదా అని లెక్క తేల్చిన మేధావి ఎవరో నాకు తెలియదు. ఆయన ఇంట్లో పెరటి కుక్క కూడా చల్లగానే ఉంటుందని మాత్రం తెలుసు.

నా నేరం: నిద్రపోతున్న భార్య పక్కన పడుకుని రేడియో వినుట.

మంచం కోడుకి ఒక బుల్లి దీపం బిగించారు. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరగదు, మేం మిణుగురు అంటాం. మంచం కదలకుండా ఉంటే పచ్చగా వెలుగుతుంది. అంటే కార్మికురాలు గాఢనిద్రలో ఉందని అర్థమట. మంచం కదిలితే ఎర్రబడుతుంది. ఎర్రబడిన పాపం పక్కనున్నవాడిది. మూడు ఎర్రలు పడితే ఆ పక్కనున్నవాణ్ని నెల రోజులు ఏకాంత నిద్రశాలకి పంపేస్తారు. ఆ నిద్రశాల పూర్వాశ్రమంలో చేపల ఐసు గోడౌను. చేపలు వెళ్లిపోయాయి గాని వాసన వెళ్లలేదు. మొగుడూ పెళ్లాలు ఇక సాయంత్రం కుళాయి దగ్గర బిందె పట్టుకుని పలకరించుకోవలసిందే.

మిణుగురు ముందునుంచీ ఉంది, ఈ మూడు ఎర్రల నిబంధన మాత్రం తవుడు పోయాక వచ్చింది. తవుడు నూకరత్నంతో పాటు క్రేను నడిపేవాడు. రెండు షిఫ్టులు వరసగా చేయించారు. రెండో షిఫ్టులో, పైన ఉండగానే, కునుకు పట్టి కింద పడ్డాడు. ఎవరైనా ఏమనుకుంటారు? రెండు షిఫ్టులు చంపాయనుకుంటారు. కంపెనీ అలా అనుకోలేదు. తవుడి భార్య గున్నమ్మకి పడుకుని పాటలు వినే అలవాటుందని, ఆ పాటల వల్లే మంచం ఎర్రబడి మొగుడికి నిద్ర చాల్లేదని, మొగుణ్ని చంపింది ఆవిడేనని విచారణ సంఘం ముందు వాదిస్తోంది. సంఘం ఔనంటే గున్నమ్మ హంతకురాలు. కాలనీలో ఎర్రలు పడినవాళ్లందరూ ఆవిడ తోడుదొంగలు. నెల కోసం పెట్టిన ఐసు గోడౌను శాశ్వతం.

విచారణ పట్నంలో జరుగుతోంది. ప్రజలందరూ వినేలా రేడియోలో వేయాలని చట్టం. కంపెనీ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ప్రజలందరూ నిద్రపోవలసిన మిట్టమధ్యాహ్నం వేయిస్తోంది.

నిన్న రేడియో తీగకున్న గుళ్లు చెవుల్లో పెట్టుకుని విన్నాను. చడీ చప్పుడూ లేదు. కంపెనీ వకీలు "భర్త నిద్రని గౌరవించని స్త్రీ" అన్నాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. మీటింగుల్లో లేచినట్టే. మంచం ఊగింది. మొదటి ఎర్ర.

మూడో పగలు

ఇవాళ గుళ్లు మానేసి రేడియోని దూదిదిండులో కుక్కి, దాని మీద చెవి పెట్టి పడుకున్నాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. నిద్రాభంగం కలిగించకుండా ఉండడానికి ఒక పౌరుడు ఇంతకన్నా ఏం చేస్తాడు?

గున్నమ్మని బోనెక్కించారు. మీ ఆయన నిద్రపోతుంటే పాటలు వినేదానివా అని వకీలు అడిగాడు.

"ఇనీదాన్ని బాబూ" అంది.

"ఎందుకు?"

"ఆడి గురక ఇనబడకండా."

హాల్లో ఎవరో నవ్వారు. వకీలు నవ్వలేదు.

"గురక ఎట్టీవోడు నిద్రపోనట్టా, పోయినట్టా? మీరే సెప్పండి బాబూ" అంది గున్నమ్మ.

దానికి వకీలు చెప్పిన జవాబు ఇక్కడ అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. గురక మనిషి చెప్పే మాట, మిణుగురు యంత్రం చెప్పే మాట, ఈ రెంటిలో శాస్త్రం యంత్రాన్నే నమ్ముతుంది అన్నాడు. ఇది శాస్త్రమా? మనిషి చచ్చిపోయాక వాడి మంచాన్ని సాక్ష్యం అడగడం శాస్త్రమా? చేతులు తొడల కిందే ఉన్నాయి. మడమలు మాత్రం ఊరుకోలేదు. మంచంపట్టీ మీద దబదబ కొట్టేశాయి.

రెండో ఎర్ర.

సాయంత్రం లేచాక నూకరత్నం తెర ఎత్తి కట్టి, మిణుగురు కేసి చూసి, నా కేసి చూసింది.

"సడి సేసింది రేడియో కాదు మావా. నువ్వు."

"నేను నోరైనా విప్పలేదు."

"నోరిప్పకండా తన్నినావు. ఎవుల్ని తన్నుతన్నావో అని సూసినాను. వకీలునా?"

"మరెవర్ని తన్నమంటావు?"

"ఆడు పట్నంలో ఉన్నాడు. నీ కాలు నా పిక్కకి తగిలింది" అని నీళ్లబిందె తీసుకుని వెళ్లిపోయింది.

పక్కింటి దాలినాయుడు కాగితం పట్టుకొచ్చాడు. ఇతను మా ఇళ్ల వరసకి నిద్రమిత్ర. జీతం లేదు, మెత్తటి చెప్పులిచ్చారు, చల్లకోటు ఇచ్చారు. మధ్యాహ్నాలు వాటితో అందరి కిటికీల కిందా తిరుగుతూ ఉంటాడు. మనుషుల్ని కొనడానికి ఈ కాలంలో జీతం కూడా అక్కర్లేదు, చెప్పులు చాలు.

"మాస్టారూ, ఇంకోటి పడితే నా సేతుల్లో ఏటీ ఉండదు" అన్నాడు, ఇప్పుడేదో అంతా అతని చేతుల్లోనే ఉన్నట్టు. "ఆ ఇచారణ ఇనకపోతే ఏటి? తీర్పు వచ్చినాక ఎలాగూ తెలుస్తాది గదా."

"అందరూ నిద్రపోతుంటే ఒకడైనా వినాలి నాయుడూ. విని గోడ మీద రాయాలి. లేకపోతే కాలనీకి తెలిసేదెలా?"

దాలినాయుడు చెప్పులు చూసుకుంటూ పోయాడు.

నాలుగో పగలు

కనిపెట్టాను.

చల్లగొట్టం ఇనుపది. మా వరసలో ఈ చివర పంపు నుంచి ఆ చివర దాకా, ప్రతి ఇంటి గోడలోంచీ, ప్రతి మంచం తలగడ మీదుగా పోతుంది. రేడియోని తువ్వాలుతో గొట్టానికి గట్టిగా కట్టి, చప్పుడు బాగా తగ్గించి, దవడ ఎముకని గొట్టానికి ఆనించి పడుకుంటే మాట చెవిలోకి రాదు. నేరుగా పుర్రెలోకి వస్తుంది. గదిలో గాలికి కూడా వినబడదు.

ఒక్కటే షరతు. దవడ కదిపితే మాట తెగిపోతుంది. నోరు మూసుకుని, పళ్లు బిగించి, శవంలా పడుకుంటేనే వినబడుతుంది. నాబోటివాడికి ఇది ఎంత శిక్షో మండలి వారికి నేను వేరే చెప్పనక్కర్లేదు. వకీలు అబద్ధం మీద అబద్ధం ఆడుతున్నాడు, నేను ఒక్కదానికీ జవాబు చెప్పడం లేదు. చెప్పబోతే తరవాతి అబద్ధం తప్పిపోతుంది.

పగలంతా పచ్చ.

నూకరత్నానికి చెప్పాను, ఎంత గొప్పగా కనిపెట్టానో. ఆమె జడ వేసుకుంటూ విన్నది.

"ఇన్నేళ్ల కాపరంలో నాను సెయ్యలేంది గొట్టం సేసింది. నీ నోరు మూయించింది."

"నీకేమైనా వినబడిందా? నిద్ర చెడిందా?"

"నాకేటి ఇనబడతాది. తొంగున్నాను గదా" అంది. కళ్ల కింద నల్లగా ఉంది. నిన్న కూడా రెండు షిఫ్టులే. క్రేను మీదికి అన్ని మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చున్నానని రెండ్రోజుల కిందట అంది. ఎక్కడ కునుకు పడుతుందోనని చీరకుచ్చెళ్లలో పచ్చిమిరపకాయ పెట్టుకుని వెళుతోంది, కొరకడానికి. పచ్చిమిరపకాయ సంగతి విచారణ సంఘం ముందు ఎవరూ చెప్పలేదు.

తొమ్మిదో పగలు

వరసగా పచ్చలు. నాకొక్కడికే కాదు. మా వరస మొత్తం పచ్చ, పక్క వరసా పచ్చ, కాలనీ అంతా పచ్చ. అదీ సరిగ్గా మధ్యాహ్నం విచారణ జరిగే వేళల్లో. పొద్దున్న కాస్త ఎర్రలు పడుతున్నాయి, సాయంకాలం పడుతున్నాయి, నడిమధ్యాహ్నం మాత్రం ఎనిమిది వందల మంచాల్లో ఒక్కటీ కిర్రుమనడం లేదు.

దాలినాయుడు ఇద్దరు మనుషుల్ని తోడు తెచ్చి కాలనీ గేటుకి బ్యానరు కట్టించాడు. ఆదర్శ నిద్ర కాలనీ. కంపెనీ వారు ఇంటింటికీ ఒక లడ్డు పంచారు. గోడ మీద నేను నాలుగు ముక్కలు రాశాను: బిడ్డలారా, మీరు గాఢనిద్రలో ఉండగా మీ తోటి మనిషిని ఉరికంబం ఎక్కిస్తున్నారు, లడ్డు తిని మళ్లీ పడుకోండి.

కుళాయి దగ్గర ఆడవాళ్లు చదివారు. ఒకావిడ "అబ్బో, మాస్టారికి కోపమొచ్చినాది" అంది. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు. చైతన్యం లేని జనం అనుకున్నాను. ఇచ్చేముందు మళ్లీ చదివి కూడా ఆ మాట ఉన్నదున్నట్టు ఇక్కడే ఉంచుతున్నాను, కొట్టివేయను.

పదమూడో పగలు

ఇవాళ నాకు చెమట పట్టింది, చల్లతెరలో.

వకీలు కొత్త సాక్ష్యం తెచ్చాడు. మా సాక్ష్యమే. "విచారణ సంఘం అధ్యక్షురాలు గారికి మనవి. గున్నమ్మ అనే ఈమె కాలనీ విడిచి వెళ్లిన దగ్గర్నుంచి అక్కడ నిద్ర ఎంత మెరుగుపడిందో చూడండి. రెండు షిఫ్టులు అలాగే ఉన్నాయి. మారిందల్లా ఈమె లేకపోవడమే. మనుషులు పసిపాపల్లా నిద్రపోతున్నారు. కనుక దోషం షిఫ్టులది కాదు."

అధ్యక్షురాలు, ఇది బలమైన సాక్ష్యమే, రేపు ముగిద్దాం అంది.

దవడ గొట్టానికి ఆనించి, నోరు మూసుకుని, ఆ మాట మొత్తం విన్నాను. ఒక్క మిల్లీమీటరు కదల్లేదు. ఆ కదలకపోవడమే గున్నమ్మ మెడకి తాడు. ఇన్ని రోజులుగా నేను కనిపెట్టిన గొప్ప పద్ధతితో కంపెనీకి సాక్ష్యం తయారుచేసి ఇచ్చాను. ఎనిమిది వందల పచ్చల్లో ఒకటి నాది.

సాయంత్రం నూకరత్నానికి అంతా చెప్పేశాను. రేపు వకీలు నోరు తెరవగానే మంచం ఎక్కి గెంతుతానన్నాను. మూడో ఎర్ర పడనీ. ఐసు గోడౌనుకి పోతాను. ఒక్క పచ్చయినా అబద్ధమని తేలుతుంది.

ఆమె మిరపకాయ తొడిమ తుంచి కుచ్చెళ్లలో పెట్టుకుంది.

"నువ్వొక్కడివే గెంతితే నీకొక్కడికే ఎర్ర. పంతులికి పిచ్చెక్కిందంటారు. గోడౌనులో సేపల వాసనకి ఉపన్యాసం సెప్పుకుందువు గాని."

"మరి ఏం చెయ్యమంటావు? నిన్ను విడిచి వెళ్లాలని నాకేమైనా సరదానా?"

ఆమె, ఊడి దారానికి వేలాడుతున్న నా చొక్కా గుండీని వేలితో ఒకసారి తాకి, "రేపు కూడా గొట్టానికి దవడ ఎట్టుకుని తొంగో. నోరు మూసుకో. నా మాట ఇను, ఓపాలి" అంది.

డ్యూటీకి వెళ్లేముందు కుళాయి దగ్గర ఇద్దరితో, గేటు దగ్గర నలుగురితో ఏదో మాట్లాడడం కిటికీలోంచి చూశాను. వాళ్లలో ఒకతె గున్నమ్మ చెల్లెలు, అక్కకి పట్నానికి క్యారేజీ పట్టుకెళ్లేది ఆవిడే.

పద్నాలుగో పగలు

విచారణ మొదలయ్యేసరికి నూకరత్నం నాకు వీపు పెట్టి, తలకాయ గొట్టం మీద పెట్టుకుని కదలకుండా ఉంది. పచ్చ.

వకీలు ఇవాళ మంచి హుషారుగా ఉన్నాడు. హాల్లో గోడ మీద పెద్ద తెర పెట్టించాడట. కాలనీలోని మిణుగురులన్నీ కలిపి ఒక గీతగా అందులో కనబడతాయట. "ఈ క్షణాన, అధ్యక్షురాలు గారూ, ఎనిమిది వందల మంచాలు. గీత చూడండి. చెరువులో నీళ్లలా ఉంది. ఇదీ నిజమైన విశ్రాంతి."

"గున్నమ్మా, నువ్వు చెప్పేదేమైనా ఉందా?" అని అడిగింది అధ్యక్షురాలు.

"ఒక్క మాట ఉన్నాది తల్లీ. ఆళ్లు తొంగోనేదు."

"అంటే?"

"ఇంటన్నారు."

వకీలు నవ్వాడు. "శబ్దం వస్తే నిద్రమిత్రలు పట్టుకునేవారు. ఒక్క ఫిర్యాదూ లేదు."

"సడెందుకొస్తాది బాబూ? నాను పాటలెలా ఇనీదాన్ననుకున్నారు? సల్లగొట్టానికి రేడియో డబ్బా కట్టి, దవడానిస్తే సాలు. ఆడోళ్లందరికీ తెలుసు. కదిలితే మాట తెగిపోద్ది గదా, అందుకే ఎవులూ కదల్రు. నా మొగుడు పక్కన నాను కదిలింది నేదు. ఆడే గురకెట్టి మంచమంతా దొర్లీవోడు. ఆ దొర్లుడికే ఎర్రలు."

నా దవడ గొట్టం మీద ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఊడి కింద పడేది. ఆడోళ్లందరికీ తెలుసు. నేను కనిపెట్టాను.

"ఇవి కట్టుకథలు" అన్నాడు వకీలు.

"కట్టుకథైతే ఓపాలి అడగనీండి తల్లీ" అంది గున్నమ్మ.

అధ్యక్షురాలు "అడగనివ్వండి" అంది.

కుర్చీ జరిగిన చప్పుడు. మైకు దగ్గరికి వచ్చినట్టుంది, ఊపిరి వినబడింది. గున్నమ్మ గొంతు నా పుర్రెలో, మా వరస పుర్రెలన్నింటిలో, నెమ్మదిగా పలికింది.

"ఓలమ్మా, నాను గున్నమ్మని. ఇంటన్నారు గదా. ఇంటంటే ఓపాలి ఒత్తిగిలండర్రా."

ముందు మా మంచం కిర్రుమంది. నూకరత్నం. వెంటనే గోడ అవతల, ఆ వేళ కిటికీల కింద తిరగవలసిన దాలినాయుడి మంచం. తరవాత వరస పొడుగునా, మంచాల ఇనుపకోళ్లు గచ్చు మీద జరిగిన చప్పుడు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, ఆ పైన పక్క వరసకి, దాని పక్క వరసకి. నిశ్శబ్దం చట్టమైన నడిమధ్యాహ్నం కాలనీ అంతా ఒక్కసారి పక్కకి తిరిగి పడుకుంది. మిణుగురు ఎర్రగా వెలిగింది. ఎనిమిది వందల ఇళ్లలో అదే ఎరుపు.

నూకరత్నం ఇటు తిరిగింది. ముఖంలో ముఖం. కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి.

"రోజూ వింటున్నావా?" అన్నాను.

"నోరు ముయ్యి. తీర్పు తెగిపోద్ది."

రేడియోలో వకీలు సాంకేతిక లోపం అంటున్నాడు. అధ్యక్షురాలు అతన్ని ఆపింది. "ఇన్నాళ్లూ వీళ్లు మేలుకుని ఉన్నారు. రాత్రి రెండు షిఫ్టులు చేసి, పగలు కళ్లు తెరుచుకుని పడుకున్నారు. మీ యంత్రం దాన్ని గాఢనిద్ర అంది. మరి తవుడి మంచం గురించి అది చెప్పినదాన్ని నేనెందుకు నమ్మాలి?"

వకీలు గడువు అడిగాడు. అడ్డమైనవాళ్లకీ ఈ దేశంలో గడువు దొరుకుతుంది. తీర్పు వాయిదా పడింది. కాని మిణుగురుల సాక్ష్యం చెల్లదని, తీర్పు వచ్చేదాకా రేవులో రెండు షిఫ్టులు వరసగా చేయించకూడదని, షిఫ్టుల రికార్డు కంపెనీ సంఘం ముందు పెట్టాలని ఆర్డరు వేసింది.

సాయంత్రం దాలినాయుడు నోటీసుల కట్ట మోయలేక మోసుకొచ్చాడు. కాలనీ మొత్తానికి ఎర్రలు, చాలామందికి ఇది మూడోది. ఐసు గోడౌనులో నలభై మందికి మించి పట్టరు. మిగతావాళ్లని ఎక్కడ పడుకోబెడతారో పైవాళ్లనే అడగమన్నాను.

"అడిగినాను మాస్టారూ. ఫోను పెట్టేసినారు."

"నీ మంచం కూడా కిర్రుమంది నాయుడూ. విన్నాను."

అతను చెప్పుల కేసి చూశాడు. "తవుడు నాకు బావమరిది వరస గదా" అన్నాడు. నా నోటీసు నా చేతిలో పెట్టి, తన నోటీసు మడిచి చల్లకోటు జేబులో పెట్టుకున్నాడు.

నూకరత్నాన్ని అడిగాను, ముందే ఎందుకు చెప్పలేదని.

"నీ డబ్బా మన వరసకి సాలింది. మిగతా వరసలోలు ఆళ్లాళ్ల డబ్బాలు కట్టుకున్నారు. ఇందులో సెప్పడానికేటుంది" అంది. "నీకు సెప్తే గోడ మీద రాసెయ్యవూ?"

రాసేసేవాణ్నే.

పదిహేనో పగలు

నిన్న రాత్రి ఒక్క షిఫ్టే. నూకరత్నం తెల్లారకముందే వచ్చింది, చద్దన్నం తింది, చీర మార్చుకోకుండానే తెరలోకి దూరి పడుకుంది. గొట్టానికి దూరంగా. నేనూ రేడియో కట్టలేదు, ఇవాళ వినవలసింది ఏమీ లేదు.

మండలి వారికి చివరి మాట రాస్తున్నాను. ఈమె ఇప్పుడు నిద్రపోతోంది. నోరు తెరుచుకుంది. సన్నగా మొదలైన గురక ఇప్పుడు క్రేను ఇంజనులా ఉంది. ఒకసారి గోడవైపు తిరిగింది, ఒకసారి ఇటు తిరిగింది, చెయ్యి విసిరి నా ముక్కు మీద కొట్టింది, మోకాలు నా పొట్టలో పెట్టి అలాగే ఉంచింది. నిజంగా నిద్రపోయిన మనిషి ఇలాగే ఉంటుంది. ఆ సంగతి పక్కన పడుకున్న ప్రతివాడికీ తెలుసు, మీ యంత్రానికి తప్ప.

మిణుగురు పొద్దున్నుంచీ ఎర్రగానే ఉంది. నేను మోకాలు తియ్యలేదు.